ప్రయాణానికి ముందు కారుకు పరీక్షలు

1888 ఆగస్టులో జర్మనీలోని మన్‌హైం పట్టణంలో ఒక తల్లి, భర్త నిద్ర లేవకముందే, ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని బండిని బయటకు తీసింది. ఆమె పేరు బెర్తా బెంజ్. ఆ బండి ఆమె భర్త కార్ల్ బెంజ్ తయారుచేసిన మూడు చక్రాల మోటారు వాహనం. పెద్దవాడు యూజెన్‌కు పదిహేనేళ్లు, చిన్నవాడు రిచర్డ్‌కు పదమూడేళ్లు. అంటే దాదాపు మీ ఈడువాళ్లే. వారు వెళ్లవలసిన ఫోర్జ్‌హైం అనే ఊరు, ఆమె పుట్టిల్లు, నూరు కిలోమీటర్లకు పైగా దూరం. అంతకు ముందు మోటారు బండిలో అంత దూరం ఎవరూ పోలేదు.

దారిలో వారికి ఎదురైన కష్టాలు చూడండి. ఇంజను వేడికి నీళ్లు ఆవిరై పోతుంటే ఎక్కడ నీరు కనబడితే అక్కడ ఆగి నింపుకోవలసి వచ్చింది. ఇంధనం అయిపోతే వీస్‌లోఖ్ అనే ఊళ్లో మందుల షాపుకు పోయి, బట్టల మరకలు తీయడానికి వాడే ఒక ద్రావకం కొన్నారు. ఇంధనపు గొట్టం పూడుకుపోతే బెర్తా తన టోపీకి గుచ్చుకునే పిన్నుతో పొడిచి శుభ్రం చేసింది. మిట్టల మీద పిల్లలు దిగి బండిని నెట్టారు. పల్లాలలో బ్రేకు దిమ్మలు అరిగిపోతే, చెప్పులు కుట్టే అతని చేత వాటికి తోలు కొట్టించింది.

ఈ జాబితాను కాస్త జాగ్రత్తగా చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. నీళ్లు ఆవిరి కావడానికి కారణం వేడి. బ్రేకులు అరగడానికి కారణం ఘర్షణ, ఆ ఘర్షణ వల్ల పుట్టేదీ వేడే. ఈనాటి కారు బెర్తా బండికి ముని మునిమనవడి వంటిది. అందులో ఎన్నో మార్పులు వచ్చాయి. కాని దూర ప్రయాణంలో కారుకు వచ్చే చిక్కుల్లో చాలా వాటికి మూలం ఇప్పటికీ వేడే. అది పుట్టకుండా ఆపడం మన చేతిలో లేదు. అది పోవలసిన దారిలో పోతున్నదో లేదో చూసుకోవడమే మన చేతిలో ఉంది. ప్రయాణానికి ముందు కారుకు చేసే పరీక్షలలో ముఖ్యమైనవన్నీ ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతాయి.

ఒక ప్రయాణాన్ని ఉదాహరణగా తీసుకుందాం. మే నెల. విజయవాడ నుండి విశాఖపట్నం మీదుగా అరకు. ఒక చిన్న కారు, అందులో ఐదుగురు, వెనుక సామాను. మొత్తం బరువు 1,200 కిలోలు అనుకోండి. విశాఖ దాకా 350 కిలోమీటర్లు చదునైన జాతీయ రహదారి, మండుటెండ. ఆ తరువాత శృంగవరపుకోట దాటితే ఘాట్ రోడ్డు. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున అరకు లోయ. ఎక్కిన బండి మళ్లీ దిగాలి గదా, ఆ దిగడం సంగతి తరువాత చూద్దాం.

నాలుగు పోస్టుకార్డులు

మొదట టైర్ల దగ్గర కూర్చుందాం. కారు నేలను తాకేది ఎంత మేర? 1,200 కిలోల బరువు నాలుగు చక్రాల మీద పడితే ఒక్కోదాని మీద 300 కిలోలు. టైరులో గాలి 32 పి.ఎస్.ఐ. ఉందనుకోండి. అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 2.25 కిలోలు. పీడనం అంటే బలాన్ని వైశాల్యంతో భాగిస్తే వచ్చేది కదా. కనుక 300ను 2.25తో భాగించండి. సుమారు 133 చదరపు సెంటీమీటర్లు. మన పోస్టుకార్డు పొడవు 14, వెడల్పు 9 సెంటీమీటర్లు, వైశాల్యం 126. అంటే మీ కుటుంబమంతా నాలుగు పోస్టుకార్డుల మీద కూర్చుని గంటకు 90 కిలోమీటర్ల వేగంతో పోతున్నదన్నమాట!

ఇప్పుడు గాలి 24కు తగ్గిందనుకోండి. బరువు తగ్గలేదు కనుక వైశాల్యం పెరగాలి. 178 చదరపు సెంటీమీటర్లు అవుతుంది. అందుకే గాలి తగ్గిన టైరు అడుగున చప్పిడిగా కనిపిస్తుంది. ఎక్కువ మేర నేలను తాకితే పట్టు ఎక్కువ కదా, మంచిదే కదా అని మీకు అనిపించవచ్చు. అక్కడే ఉంది చిక్కు.

ఒక రబ్బరు బంతిని మీటరు ఎత్తు నుంచి వదలండి. అది తిరిగి మీటరు ఎత్తుకు లేస్తుందా? లేవదు. నేలను తాకినప్పుడు బంతి నలిగింది. నలగడానికి తీసుకున్న శక్తిని అది పూర్తిగా తిరిగి ఇవ్వలేదు. మిగిలిన శక్తిలో చాలా భాగం రబ్బరులో వేడిగా మిగిలిపోయింది. టైరూ అంతే. దాని ప్రతి భాగమూ నేల మీదకు వచ్చినప్పుడు నలుగుతుంది, పైకి పోగానే సర్దుకుంటుంది. చిన్న కారు చక్రం ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 1.8 మీటర్లు పోతుంది. గంటకు 90 కిలోమీటర్లంటే సెకనుకు 25 మీటర్లు. అంటే టైరులోని ప్రతి భాగం సెకనుకు దాదాపు 14 సార్లు నలుగుతున్నది. విజయవాడ నుండి విశాఖకు పోయేసరికి సుమారు 1,94,000 సార్లు! గాలి సరిగా ఉంటే ప్రతిసారీ కొద్దిగా నలుగుతుంది. గాలి తగ్గితే పక్క గోడలు బాగా వంగిపోతాయి. వంపు పెరిగితే వేడి పెరుగుతుంది. టైరు అంటే ఉత్త రబ్బరు కాదు. దాని లోపల నూలుపోగుల వంటి గట్టి దారాలు, ఉక్కు తీగలు పొరలు పొరలుగా రబ్బరుతో అతికి ఉంటాయి. వేడి హద్దు మీరితే ఆ అతుకు వదిలిపోతుంది. పొర విడివడిన టైరు పగలడానికి ఎంతోసేపు పట్టదు. వేసవిలో రహదారి పక్కన చీలికలు పేలికలై పడి ఉన్న టైరు ముక్కలు మీరు చూసే ఉంటారు.

ఇక్కడ మన ఊళ్లలో బలంగా పాతుకుపోయిన ఒక నమ్మకాన్ని గురించి చెప్పాలి. “ఎండాకాలం కదా, గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, టైరు పేలిపోతుంది, అందుకని నాలుగైదు పాయింట్లు తక్కువ పెట్టు” అంటారు. వినడానికి సైన్సు లాగే ఉంది. కాని లెక్క వేసి చూడకుండా చెప్పే సైన్సు ఇలాగే ఉంటుంది. మనం వేద్దాం.

ఘనపరిమాణం మారకపోతే వాయువు పీడనం దాని పరమ ఉష్ణోగ్రతకు అనులోమానుపాతంలో ఉంటుంది. టైరు సాగినా అది చాలా కొద్ది, కనుక ఈ నియమాన్ని వాడవచ్చు. ఉదయం చల్లగా 30° సెం. దగ్గర గేజి 32 చూపించింది. గేజి చూపేది బయటి గాలి పీడనం కంటే ఎంత ఎక్కువ ఉందో మాత్రమే. కనుక వాతావరణ పీడనం 14.7 కలపాలి, మొత్తం 46.7. టైరులో గాలి 60° సెం.కు చేరిందనుకోండి. పరమ ఉష్ణోగ్రత 303 నుండి 333కు పెరిగింది. 46.7ను 333తో గుణించి 303తో భాగిస్తే 51.3. అందులో 14.7 తీసివేస్తే గేజి మీద 36.6. అంటే పెరిగింది నాలుగున్నర పాయింట్లు. ఇంతే! ఈ పాటి పెరుగుదలను తట్టుకునేట్లే కంపెనీలు టైరును తయారుచేస్తాయి, చల్లగా ఉన్నప్పటి అంకెను నిర్ణయిస్తాయి. గాలి తగ్గించి బయలుదేరినవారు పేలుడు నుంచి తప్పించుకున్నామనుకుంటారు. నిజానికి దానికి దారి వేసినది వారే.

ఇందులోంచే ఇంకో జాగ్రత్త పుడుతుంది. దారిలో ఏ ఏలూరు దగ్గరో ఆగి గాలి చూస్తే 36, 37 చూపిస్తుంది. “ఎక్కువైంది” అని అక్కడ గాలి వదలకూడదు. వదిలితే టైరు చల్లారాక 32 ఉండవలసినది 28కి పడిపోతుంది. గాలి చూడవలసింది ఉదయం, బండి కదలకముందు, లేదా రెండు మూడు కిలోమీటర్లలోపు పెట్రోలు బంకు ఉంటే అక్కడ. ఎంత పెట్టాలో డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద అంటించిన కాగితంలో ఉంటుంది. ఇద్దరికి ఒక అంకె, నిండు బరువుకు ఒక అంకె, అందులోనూ ముందు చక్రాలకు వేరు, వెనుక చక్రాలకు వేరు రాసి ఉండవచ్చు. మనది ఐదుగురి ప్రయాణం కనుక నిండు బరువు అంకెనే చూడాలి.

“మరి నైట్రోజన్ పట్టిస్తే?” అని ఒక విద్యార్థి అడిగాడు. మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. పైన చెప్పిన వాయు నియమం ఆక్సిజన్‌కు ఒకటి, నైట్రోజన్‌కు ఒకటి కాదు. అందులో తేమ ఉండదు, టైరులోంచి కొంచెం నెమ్మదిగా కారుతుంది. ఆ మేరకు లాభమే. డబ్బులిచ్చి పట్టించుకుంటే తప్పులేదు. కాని నైట్రోజన్ పట్టించాం కదా అని గేజి చూడటం మానేస్తే మాత్రం మామూలు గాలి పట్టించి రోజూ చూసుకునేవాడే తెలివైనవాడు.

టైరు పక్క గోడ మీద అక్షరాల వరుస చివర నాలుగు అంకెలు గుండ్రటి గీత లోపల ఉంటాయి. 2321 అని ఉంటే 2021వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. రబ్బరు గాలిలోని ఆక్సిజన్‌తో, ఎండతో నెమ్మదిగా బిరుసెక్కి సన్నని పగుళ్లు తేలుతుంది. కొత్తగా కనిపించే ముసలి టైరు కూడా ఉండవచ్చు. నేలను తాకే భాగంలో ఉన్న గాళ్లలో అక్కడక్కడ 1.6 మిల్లీమీటర్ల ఎత్తున చిన్న దిమ్మలుంటాయి. టైరు అరిగి వాటితో సమానమైతే దాని పని అయిపోయినట్టే. గాళ్లు ఉన్నది పట్టు కోసమే కాదు, వానలో టైరు కింది నీరు పక్కకు పోవడానికి. గాళ్లు లేకపోతే టైరు నీటి పొర మీద తేలిపోతుంది.

డిక్కీలోని స్పేరు టైరుకూ గాలి చూడాలి. దాన్ని అందరూ మరిచిపోతారు. అవసరమైన రోజున అది కూడా చప్పిడిగా నవ్వుతూ బయటకు వస్తుంది!

పద్నాలుగు హీటర్లు

ఇక ఇంజను. ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు 3.2 కోట్ల జౌళ్ల శక్తి వస్తుంది. మన కారు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతూ లీటరుకు 16 కిలోమీటర్లు ఇస్తే గంటకు 5 లీటర్లు మండుతుంది. అంటే 16 కోట్ల జౌళ్లు. 3,600 సెకన్లతో భాగిస్తే సెకనుకు 44,000 జౌళ్లు, అనగా 44 కిలోవాట్లు. ఇందులో బండిని నడపడానికి పనికివచ్చేది సుమారు నాలుగో వంతు. మిగిలిందంతా వేడే. కొంత పొగగొట్టం గుండా పోతుంది. మరో పెద్ద భాగం, ఇంచుమించు మూడో వంతు, రేడియేటరు గుండా పోవాలి. అంటే సుమారు 14 కిలోవాట్లు. బకెట్లో నీళ్లు కాచుకునే ఒక కిలోవాటు హీటర్లు పద్నాలుగు ఒకేసారి పెట్టినట్టు. పదిహేను లీటర్ల బకెట్ నీళ్లు ఐదు నిమిషాల్లో తెర్లిపోతాయి!

ఆ వేడిని మోసుకుపోవడానికి ఇంజను చుట్టూ ద్రవం తిరుగుతుంది. ఇంజను దగ్గర వేడెక్కి, రేడియేటరులో గాలికి చల్లారి, మళ్లీ ఇంజనుకు చేరుతుంది. వేసవిలో ఇది ఎందుకు కష్టమవుతుంది? వేడి వస్తువు ఎంత వేగంగా చల్లారుతుందన్నది దానికీ పరిసరాలకూ ఉన్న ఉష్ణోగ్రతా భేదం మీద ఆధారపడుతుందని న్యూటన్ చెప్పిన నియమం మీరు చదివే ఉంటారు. ద్రవం 90 డిగ్రీల దగ్గర, బయట గాలి 20 డిగ్రీల దగ్గర ఉంటే భేదం 70. మే నెలలో గాలి 45 డిగ్రీలుంటే భేదం 45 మాత్రమే. రేడియేటరు అదే, గాలి వేగమూ అదే, కాని అది వదిలించుకోగల వేడి మూడింట రెండు వంతులకు తగ్గింది. దానికి తోడు ఏ.సి. లోపలి వేడిని తీసుకొచ్చి రేడియేటరు ముందరే వదులుతుంది. కనుక చలికాలంలో ఏ ఇబ్బందీ పెట్టని కారు వేసవిలో మొరాయించడంలో ఆశ్చర్యం లేదు. కొత్తగా చెడిపోయిందేమీ కాదు, పాత లోపమే ఎండకు బయటపడింది. రేడియేటరు రెక్కల మధ్య పురుగులు, దుమ్ము, గడ్డి పరకలు ఇరుక్కుని ఉంటే గాలి దూరదు. నీటిని నెమ్మదిగా పోసి కడగాలి. గట్టి ధారతో కొడితే పలచటి రెక్కలు వంగిపోతాయి.

రేడియేటరుకు బిగువైన మూత ఎందుకు? మీ ఇంట్లో ప్రెషర్ కుక్కర్ ఎందుకు పనిచేస్తుందో అందుకే. పీడనం పెరిగితే మరుగు స్థానం పెరుగుతుంది. ఆ మూత లోపలి పీడనాన్ని బయటి గాలి కంటే ఇంచుమించు ఒక వాతావరణ పీడనం ఎక్కువ చేసి ఉంచుతుంది. అప్పుడు మామూలు నీరు కూడా దాదాపు 120 డిగ్రీల దాకా మరగదు. ఇథిలీన్ గ్లైకాల్ కలిపిన కూలెంటు అయితే ఇంకా కొంచెం పైకి. మూత రబ్బరు పగిలి ఉంటే ఈ సదుపాయం పోతుంది. అరకులో గాలి పీడనమే తక్కువ; తెరిచిన గిన్నెలో నీరు 97 డిగ్రీలకే మరుగుతుంది. కనుక రెండు వందల రూపాయల మూతే కదా అని తీసిపారేయకూడదు.

ఇక్కడ ప్రాణానికి సంబంధించిన మాట ఒకటి. వేడెక్కి ఆగిన కారు మూతను ఎవరూ, ఎట్టి పరిస్థితిలోనూ, వెంటనే తెరవకూడదు. లోపలి ద్రవం 110 డిగ్రీల దగ్గర ఉండి, పీడనం వల్ల మాత్రమే మరగకుండా ఉన్నది. మూత తిప్పిన క్షణంలో పీడనం పడిపోతుంది, ద్రవమంతా ఒక్కసారిగా మరిగి ముఖం మీదకు చిమ్ముతుంది. గుడ్డ కప్పి తిప్పినా ప్రమాదమే. నీడలో ఆపి, ఇంజను కట్టేసి, అరగంటకు తక్కువ కాకుండా చల్లారనివ్వాలి.

ఉష్ణోగ్రత ముల్లు పైకి పోతుంటే, ఆగడానికి చోటు దొరికేలోపు చేయదగిన పని ఒకటి ఉంది. వినగానే నవ్వొస్తుంది. ఏ.సి. ఆపి, హీటరు వేయండి! కారు హీటరు అంటే ఏమిటి? ఇంజను ద్రవాన్ని ఇంకొక చిన్న రేడియేటరు గుండా పంపి, దాని మీదుగా గాలిని లోపలికి ఊదడమే. అంటే ఇంజనుకు రెండో రేడియేటరు దొరికినట్టు. లోపలివాళ్లకు చెమటలు పడతాయి, ఇంజనుకు కాస్త ఊరట కలుగుతుంది.

అంబాసిడర్ కార్ల కాలంలో డిక్కీలో నీళ్ల డబ్బా లేని డ్రైవరు ఉండేవాడు కాదు. (ఆ కారు తయారీ 2014లో ఆగిపోయింది.) ఇప్పుడు నీరు కాదు, కూలెంటు పోయాలి. బోరు నీళ్లలోని లవణాలు నీళ్లు కాచే గిన్నె అడుగున పట్టే తెల్లటి పెచ్చులాగే సన్నని గొట్టాల్లో పేరుకుంటాయి. ఆ పెచ్చు వేడిని దాటనివ్వదు. దారి మధ్యలో తప్పనిసరైతే మంచినీళ్లు పోయవచ్చు, ఊరు చేరాక మార్పించాలి.

ఇంజను ఆయిలు సంగతి త్వరగా చెబుతాను. చదునైన నేల మీద, ఇంజను చల్లారాక, కొలత పుల్లను తీసి తుడిచి మళ్లీ ముంచి చూడాలి. రెండు గుర్తుల మధ్య తడి ఉండాలి. ఆముదం చలికాలంలో చిక్కగా, వేడి చేస్తే పలచగా అవుతుంది. దీన్నే స్నిగ్ధత మారడం అంటాం. ఇంజను ఆయిలు డబ్బా మీద 5డబ్ల్యు-30 అని ఉంటే, చలిలో 5వ నంబరు నూనెలా పారుతుంది, 100 డిగ్రీల వేడిలో 30వ నంబరు చిక్కదనం నిలుపుకుంటుంది అని అర్థం. ఏ నంబరు పోయాలో కారుతో వచ్చిన పుస్తకం చెబుతుంది. పక్కింటి బాబాయిగారి కారుకు పోసినదే మనకూ పోయాలని లేదు. బ్యాటరీ కొనల మీద పచ్చగా, తెల్లగా పూసిన పొడి ఉంటే శుభ్రం చేయించాలి. మూతలు తీసే రకమైతే స్వేదనజలం తప్ప వేరే నీరు పోయరాదు.

కొండ దిగడం

అరకు చేరాం, రెండు రోజులు ఉన్నాం, దిగుతున్నాం. ఎక్కేటప్పుడు పని ఇంజనుది, దిగేటప్పుడు పని బ్రేకులది. నా మటుకు నేను దూర ప్రయాణంలో అన్నిటికంటే భయపడేది ఇక్కడే.

1,200 కిలోల బండి 900 మీటర్ల ఎత్తున ఉంటే దాని స్థితిజశక్తి ఎంత? ద్రవ్యరాశి, గురుత్వ త్వరణం, ఎత్తు గుణిస్తే 1,200 × 10 × 900, అంటే 1 కోటి 8 లక్షల జౌళ్లు. కింద రోడ్డు మీద బండి ఆగి ఉండాలంటే ఈ శక్తి అంతా ఎక్కడికో పోవాలి. బ్రేకు పెడల్ మీద కాలు తీయకుండా దిగితే దాదాపు అంతా బ్రేకుల్లోనే వేడిగా మారుతుంది. నాలుగు చక్రాల బ్రేకు ఇనుము మొత్తం 40 కిలోలు అనుకుందాం. గాలి ఏమాత్రం చల్లార్చకపోతే ఆ ఇనుము ఉష్ణోగ్రత 580 డిగ్రీలకు పైగా పెరగాలి! గాలి చల్లారుస్తుంది కనుక అంత దాకా పోదు. కాని మలుపుల్లో నెమ్మదిగా పోయే బండికి గాలి కూడా తక్కువే.

పెడల్ నొక్కితే ఆ బలం చక్రాల దగ్గరకు చేరేది ద్రవం ద్వారా. పాస్కల్ సూత్రం. ద్రవాన్ని నొక్కితే కుదించుకుపోదు కనుక ఒక చివర ఇచ్చిన పీడనం ఇంకొక చివరకు అందుతుంది. ఆ బ్రేకు ఆయిలుకు ఒక చెడ్డ గుణం ఉంది. ఉప్పు వానాకాలంలో చెమ్మగిల్లినట్టే అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 అనే రకానికి కొత్తగా ఉన్నప్పుడు మరుగు స్థానం 205 డిగ్రీలకు తగ్గకూడదని ప్రమాణం. తేమ పట్టినప్పుడు దానికే 140 డిగ్రీలు. డాట్ 4కు 230, తేమ పట్టాక 155. ఏళ్ల తరబడి మార్చని ఆయిలు కాలిన బ్రేకుల దగ్గర మరిగిందనుకోండి. గొట్టంలో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం కుదించుకుపోదు గాని ఆవిరి కుదించుకుపోతుంది. అప్పుడు పెడల్ నొక్కితే బుడగలు నలుగుతాయి, పీడనం చక్రాలకు చేరదు. పెడల్ మెత్తగా నేలకు పోతుంది, బండి ఆగదు. కాబట్టి ఘాట్ ఉన్న ప్రయాణానికి ముందు మెకానిక్‌ను అడగవలసిన మొదటి ప్రశ్న “బ్రేకు ఆయిలు ఎంత ఉంది?” కాదు, “ఎప్పుడు మార్చారు?” సాధారణంగా రెండేళ్లకొకసారి మార్చమని చెబుతారు.

మరి ఆ కోటి జౌళ్లను బ్రేకులకు కాకుండా ఇంకెవరికి అప్పగించాలి? ఇంజనుకే. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి అన్నది లారీ డ్రైవర్ల పాత నియమం. చిన్న గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలితే చక్రాలే ఇంజనును తిప్పవలసి వస్తుంది. గాలిని లాగడం, నొక్కడం, లోపలి ఘర్షణ, వీటికి శక్తి ఖర్చవుతుంది; ఆ వేడి పొగగొట్టం, రేడియేటరు గుండా పోతుంది. వేడిని వదిలించుకోవడంలో అనుభవం ఉన్న అవయవాలు అవి.

కొందరు పెట్రోలు ఆదా అవుతుందని దిగుడులో గేరు తీసి న్యూట్రల్‌లో వదులుతారు. ఇది రెండు విధాల తప్పు. బండి భారమంతా బ్రేకుల మీద పడటం ఒకటి. రెండోది, ఆదా కూడా లేదు. ఇప్పటి కార్లలో ఇంధనాన్ని ఒక చిన్న కంప్యూటరు కొలిచి చిమ్ముతుంది. గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలితే చక్రాలే ఇంజనును తిప్పుతున్నాయని గ్రహించి అది పెట్రోలును పూర్తిగా ఆపేస్తుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజను ఆగిపోకుండా ఉండటానికి పెట్రోలు చిమ్ముతూనే ఉండాలి!

ఎలక్ట్రిక్ కారు ఇక్కడ ఒక విచిత్రం చేస్తుంది. దిగేటప్పుడు దాని మోటారే జనరేటరుగా మారి బ్యాటరీకి విద్యుత్తు పంపుతుంది. మన 1 కోటి 8 లక్షల జౌళ్లను 36 లక్షలతో భాగించండి. సరిగ్గా 3 యూనిట్ల కరెంటు! అంతా తిరిగి రాదు గాని కొంత భాగం వస్తుంది. అయితే అరకులో బ్యాటరీని నూరు శాతం నింపుకుని బయలుదేరితే ఆ కరెంటుకు చోటుండదు, పని మళ్లీ బ్రేకుల మీదే పడుతుంది. కొండ మీద కొంచెం ఖాళీ ఉంచుకోవడమే మేలు.

బండి లోపల

సామాను గురించి ఒక్క లెక్క. సెకనుకు 25 మీటర్ల వేగం, పై నుంచి పడే వస్తువుకు రావాలంటే అది 31 మీటర్ల ఎత్తు నుంచి పడాలి. పది అంతస్తుల మేడ! గంటకు 90 కిలోమీటర్ల వేగంతో పోయే కారు దేనికైనా గుద్దుకుని ఆగితే, లోపల వదులుగా ఉన్న ప్రతిదీ జడత్వం వల్ల అదే వేగంతో ముందుకు పోతుంది. వెనుక అద్దం దగ్గర పెట్టిన స్టీలు నీళ్ల సీసా పదో అంతస్తు నుంచి నెత్తిన పడినట్టే. సీటు బెల్టు లేని మనిషీ అంతే. అందుకే బరువైనవి డిక్కీలో, అడుగున పెట్టాలి; వెనుక సీటువాళ్లూ బెల్టు పెట్టుకోవాలి. అమ్మ ఒడిలో కూర్చున్న తమ్ముణ్ణి అమ్మ చేతులు ఆపలేవు.

ఎండలో ఆగిన కారు అద్దాలు ఎండను లోపలికి రానిస్తాయి గాని లోపలి వేడిని బయటకు పోనివ్వవు. టిఫిను చేయడానికి ఆగినప్పుడు నిద్రపోతున్న పసిపాపను “ఐదు నిమిషాలే కదా” అని లోపల వదిలి పోరాదు. ఎవరైనా అలా వదిలిపోతుంటే పెద్దవాళ్లని మొహమాటపడకుండా చెప్పండి.

టైరు మార్చవలసి వస్తే ఒక చిట్కా. జాకీ ఎత్తకముందే చక్రం నట్లను కొంచెం వదులు చేయాలి. చక్రం నేల మీద ఉండగా ఘర్షణ దాన్ని తిరగనివ్వదు. గాలిలోకి లేచాక పానా తిప్పితే నట్టుతో పాటు చక్రమూ తిరుగుతుంది.

చేసి చూడండి

సాధారణమైన గాలి గేజి ఒకటి, థర్మామీటరు ఒకటి చాలు. బయలుదేరే రోజు తెల్లవారుజామున నాలుగు టైర్ల పీడనం, గాలి ఉష్ణోగ్రత రాసుకోండి. యాభై కిలోమీటర్లు పోయాక, రోడ్డుకు దూరంగా సురక్షితమైన చోట ఆగినప్పుడు, పెద్దవాళ్లను వెంటబెట్టుకుని మళ్లీ పీడనం చూడండి. గాలి వదలవద్దు. ఉదాహరణకు 32° సెం. దగ్గర 32 ఉన్నది 36 అయిందనుకోండి. 50.7ను 46.7తో భాగించి 305తో గుణించండి: 331. అందులో 273 తీసేస్తే 58 డిగ్రీలు. టైరు కోయకుండా, థర్మామీటరు లోపల పెట్టకుండా లోపలి గాలి ఉష్ణోగ్రత తెలిసింది! నాలుగింటికీ లెక్క వేసి పట్టిక రాయండి. ఏదైనా ఒక టైరు మిగతావాటి కంటే ఎక్కువ వేడెక్కిందా? ఎండ తగిలే వైపుదా, ఎక్కువ బరువు మోస్తున్నదా, లేక తెల్లవారుజామున గాలి తక్కువ ఉన్నదా? బడి తెరిచాక ఆ పట్టిక మీ సైన్సు మాస్టారికి చూపించండి.